రాకాసి గుండు మీద మామ రాయి

మొన్న వనపర్తిల ఒక పెండ్లికి పోయి బస్సుల నాగర్‌కర్నూలుకు మర్లి వస్తున్న. కిటికీ పక్కన సీటు దొరికింది, ఎండ జర తగ్గింది, పెండ్లిల తిన్న బూరెలు కడుపుల నిమ్మళంగ కూసున్నయి. ఇంతల రోడ్డు పక్కన చెలకల ఒక జేసీబీ కనపడ్డది. తొండం కిందికి దించుడు, నల్లటి గుండును ఎత్తుడు, ట్రాక్టర్ల ధడేల్మని ఏసుడు. నేను గట్టిగ కండ్లు మూసుకున్న. పక్క సీటామె నా మొహం చూసి "కడుపుల తిప్పుతుందా అక్కా?" అని సంచిల నుంచి నిమ్మకాయ తీసి ఇయ్యవోయింది. నిమ్మకాయకు పోయే తిప్పుడైతె ఎంత మంచిగుండు. నిరుటి నుంచి నాకు గిదొక బీమారి. యాడ మిషన్ రాళ్లెత్తినా ఆ రాళ్ల కింద ఎవలున్నరో, ఆ రాళ్ల మీద ఎవల రాయి ఉన్నదో అని పానం కొట్టుకుంటది. బీపీ గోలీలు రాసే డాక్టరుకు చెప్దామంటె ఎట్ల చెప్పాలె? కాలువ నీళ్లొచ్చినకాడి నుంచి బుగులు సారూ అంటె, నీళ్లొస్తె బుగులేందమ్మా అని నవ్వుతడు.

మా ఊరు తిమ్మాజిపేట దిక్కు. చెలక ఊరికి పడమర, ఎర్రనేల. వానొస్తె జొన్న, ఆముదం, కంది. రాకుంటె మొగులు దిక్కు చూసుడు. ఆ చెలక నడిమిట్ల గుండ్రంగ పేర్చినట్టు పెద్ద పెద్ద గుండ్లు ఉంటయి, సగం మన్నుల, సగం పైన. ఒక్కోటి పండుకున్న బర్రె అంత. వాటి నడుమ చిన్న రాళ్ల కుప్ప. మేము రాకాసి గుండ్లు అంటం. మనుషులు లేపే రాళ్లు గావు గనుక రాకాసులే మోసి పెట్టిన్రని మా నాయినమ్మ చెప్తుండె. రాకాసులకు గింత కష్టం ఎందుకే అవ్వా అని అడిగితె, "నీ లెక్క తిని కూసోలె వాళ్లు" అని నా చేతికి చీపురు ఇస్తుండె. నాగండ్ల కాలంల నాగండ్లు, ట్రాక్టర్ల కాలంల ట్రాక్టర్లు ఆ గుండ్ల కాడికొచ్చి సుట్టు తిరిగి పోవుడే గని వాటి జోలికి ఎవ్వరు పోలె. భయమో భక్తో ఎవ్వరు అడగలె.

మా దిక్కు వలస సంగతి కొత్తగ చెప్పేదేమున్నది. దసరా ఎల్లంగనే మేస్త్రి వచ్చి మాట్లాడుకొని పోతుండె. కట్టలు, కాలువలు, బాటలు. యాడ మన్ను తవ్వేది ఉంటె ఆడ మావోళ్లు. అట్ల పోయేటోళ్లకు మా ఊర్ల ఒక పద్ధతి ఉండె. ప్రతి మనిషికి గడప పక్కన ఒక రాయి ఉంటది. పోయే రోజు ఆ రాయి తెచ్చి రాకాసి గుండ్లల్ల ఒక గుండు మీద పెట్టి మొక్కి పోవాలె. తిరిగొచ్చిన్నాడు ముందుగాల గుండ్ల కాడికే పోయి, ఎవల రాయి వాళ్లు తీసుకొని, ఇంటికి తెచ్చి గడప పక్కన పెట్టాలె. ఇంటోళ్లు కాళ్ల మీద ఇన్ని నీళ్లు, రాయి మీద ఇన్ని నీళ్లు పోస్తరు. గడప కాడ రాయి ఉన్నదంటె మనిషి ఇంట్ల ఉన్నట్టు. పోయినకాడనే పానం పోయిందని కబురొస్తె, అయినోళ్లు ఆ రాయిని గుండు మీది నుంచి తీసి నడిమి కుప్పల ఏస్తరు. ఊరోళ్లు తలా ఒక రాయి ఏస్తరు. పీనుగ లేకున్నా అదే మట్టి, అదే సాగనంపుడు. చిన్నప్పుడు బడికి పోతపోత గుండ్ల దిక్కు చూస్తె చాలు, ఎవరొచ్చిన్రు, ఎవరు రాలేదు మాకు ఎరుకైపోతుండె. ఊర్ల ఎవ్వరికన్న ముందు చెప్పాలని ఉరికేటోళ్లం, ఆ ఉరుకుడుల ఒక ఏడ్పు కబురు గూడ ఉంటదని తెల్వదు మాకు.

మా మేనత్తకు ఇల్లరికం చేసిన్రు. అంటె అత్త పుట్టినింట్లనే ఉన్నది, మామనే ఖిల్లా ఘణపూర్ దిక్కు నుంచి మా ఇంటికి వచ్చిండు. నవ్వులాట మనిషి. ఇల్లరికపల్లుడంటె జర తగ్గి ఉండాలె గద, ఈయన వచ్చిన మూడోనాడే మా నాయినమ్మ వండిన పప్పుల ఉప్పు తక్కువైందని చెప్పిండట, ఆమె సచ్చేదాక ఆ మాట మర్వలె. రాయి గూడ చూసి చూసి ఏరుకున్నడు. జొన్నరొట్టె లెక్క చదునుగ, చాటంత, ఎర్రగ, నడుమ తెల్ల గీత. "ఇంత సోకు రాయి ఎందుకురా అల్లుడా" అని మా నాయినమ్మ అంటె "దూరం నుంచే నాదని తెల్వాలె గదత్తా" అన్నడట. పిల్లలు కాలె వాళ్లకు. నన్ను, మా తమ్ముణ్ణి అత్తనే ఎత్తుకొని పెంచింది. నాకు పెండ్లి కాకముందు ఒక ఏడు వానలు మొత్తానికి మొహం చాటేస్తె, మామ మేస్త్రితోని పోయిండు. మన్ను పనిల ఇద్దరిద్దరికి జోడీ కడ్తరు, ఒకరు తవ్వాలె, ఒకరు మొయ్యాలె. మామకు మా వాడకట్టు మనిషే జోడీ అయిండు. వరసకు నాకు చిన్నాయిన అయితడు. మరాఠోళ్ల దేశం దిక్కు ఏదో కాలువ పని అన్నరు. ఆ పనికి మా ఊరి నుంచి ఈ ఇద్దరే, ఆ మేస్త్రి మల్ల మా దిక్కు రాలె.

ఎండాకాలం చిన్నాయిన ఒక్కడే వచ్చిండు. అత్త అప్పటికే గుండ్ల కాడ నిలబడి ఉన్నదట. "బావ ఎనక వస్తుండక్కా, ఇంకో పని దొరికింది" అని చెప్పి, తన రాయి తీసుకొని ఇంటికి పోయిండు. ఇగ ఆ రోజు నుంచి మొదలైంది మా అత్త కావలి. గాలిదుమారం వస్తె వాన ఎలిసేదాక ఆగకుంట కొంగు నెత్తిన ఏసుకొని చెలకకు ఉరికేది, రాయి కింద పడ్డదేమో అని. మేకలు గుండ్లెక్కితె మేకలను గాదు, మేకలోళ్లను తిట్టేది. జాతరకు గుండ్లకు బొట్టు పెట్టనీకి పోయిన ఆడోళ్లను గూడ దూరం ఉండమనేది. మామ సంగతి ఎవరన్న గట్టిగ అడిగితె మాట మార్చేది, మెల్లగ అడిగితె ఏడ్చేది. ఏండ్లు గడిచినంక పెద్దమనుషులు వచ్చి, ఇగ ఎన్నేండ్లమ్మా, కుప్పల ఏద్దాం, కర్మ చేద్దాం అన్నరు. అత్త కొంగు నడుముకు చుట్టింది. "చూసినోడు ఎవడన్న ఉంటె నా ముంగటికొచ్చి చెప్పమనుండ్రి. చూడకుంట సంపుతరా మనిషిని?" అన్నది. చిన్నాయిన బీడీ కోసమని లేసి బయటికి పోయిండు.

చిన్నాయిన గురించి ఒక మాట చెప్పాలె. అత్త పాలుకొచ్చిన చెలక దున్నుడు, ఇత్తుడు, ఇల్లు కురిస్తె ఎక్కి సరిచేసుడు, ఆయన చెయ్యని పని లేదు. తన ఇంట్ల పని ఆగినా ఆగు గని అత్త పని ఆగొద్దు. చిన్నమ్మ అప్పుడప్పుడు గులుగుతుండె. జోడీ అంటె గట్లుండాలె అని ఊరంత మెచ్చుకుంటుండె. మెచ్చుకున్నప్పుడల్ల ఆయన మొహం మాడ్చుకుంటుండె, మేమేమో ఎంత నిగర్వి అనుకునేటోళ్లం.

కొన్నేండ్ల కింద ఒక సారు టేపు, కెమెరా పట్టుకొని వచ్చిండు, పాత రాళ్లను చూసుకుంట తిరిగే మనిషి. ఇవి రాకాసులు పెట్టినవి గావు, మనుషులు కట్టిన సమాధులు అన్నడు. ఇనుము చేసుడు కొత్తగ నేర్సిన కాలంల, రాజులు కోటలు ఏమీ లేనప్పుడు, మనలెక్కనే పంట పండించుకొని గొడ్లు మేపుకునేటోళ్లు కట్టిన్రట. కింద బండలతోని పెట్టె ఉంటదట, దాంట్ల కుండలు, కొడవండ్లు, పూసలు పెడ్తరట. ఒక మనిషి కోసం గింత గుండు లాగాలంటె ఊరంత తాడు పట్టాలె, అందరికి ఇంత కూడు వండాలె. సచ్చినోళ్ల పేరు మీద బతికున్నోళ్లు ఒక్కకాడ కలిసే జాగ ఇదే అయి ఉంటదన్నడు. ఈ నేల మా పెద్దలది అని పక్క ఊరోళ్లకు చెప్పే గుర్తు గూడ ఇదేనేమో అన్నడు. అత్త చాయ్ ఇచ్చి ఎదురుంగనే కూసున్నది. కొన్నిట్ల తవ్వితె ఎముకలే దొరకవని ఆయన అనంగనే గిలాస కింద పెట్టింది.

"మనిషి లేకుంట గోరి ఎందుకు సారూ?"

"మన్నుల కరిగిపోయి ఉండొచ్చమ్మా. యాడనో దూరం పోయి సచ్చినోళ్ల కోసం కట్టి ఉండొచ్చు. ఖచ్చితంగ చెప్పలేం."

సారు మంచోడు, ఆఫీసుకు రాస్త, ముట్టకుండ్రి అని చెప్పి పోయిండు. గని మా అత్తకు ఆ రోజు నుంచి కొత్త రంది పట్టుకున్నది. అప్పటిదాక ఆ గుండ్లు మనిషి మర్లి వచ్చే జాగ. ఇప్పుడు గోరి అని తెల్సింది. "ఇన్నేండ్లు నా చేతులార ఆయనను గోరి మీద కూసోవెట్టిననా?" అని నన్ను అడుగుతుండె. రాయి తీసి ఇంటికి తెద్దామంటె ఆయన రాకుంట తేవొద్దు. ఉంచుదామంటె బుగులు. అన్నం ముందు కూసొని మెతుకులు కెలుకుడు, లేసుడు. నేను ఊకె ఊరికి పోవుడు, ఆమె చెలకకు పోవుడు, నేను ఎనక పోవుడు. ఇద్దరిని చూసి మా తమ్ముడు "మీరిద్దరు ఆ రాళ్ల కాడనే గుడిసె ఏసుకోరాదుండ్రి" అని మందలిస్తుండె.

తమ్ముడు చెడ్డోడు గాదు. కాలువ వచ్చింది, సుట్టుముట్టు చెలకలన్ని మడులైతున్నయి, పక్కోళ్లంత కలిసి మిషన్ మాట్లాడుకున్నరు. ఇప్పుడు చదును చెయ్యకుంటె మన చెలకకు నీళ్లు ఎక్కవు, పిల్లలు మల్ల మేస్త్రి ఎనక పోవుడే అన్నడు. వాడు చెప్పింది గూడ నిజమే గద, ఎట్ల కాదందును? సారు రాస్తనన్న కాయితం రాలె, మిషన్ మాత్రం వచ్చింది. గుండ్లు పలగ్గొట్టను, గట్టు మీదికి జరుపుత అంతే అన్నడు తమ్ముడు. అత్త ఇనలె. "గుండు జరిపితె రాయి జరుగుతది. అర్ధరాత్రో అపరాత్రో వస్తె ఆయనకు ఆనవాలు యాడుంటది?" అన్నది. వచ్చేటోడు ఉంటె డెబ్బై దాటిన ముసలోడై వస్తడని, గుండ్లు గాదు ఊరే గుర్తువట్టడని మాకు తెల్సు. ఆమెకు తెల్వదా? తెల్సు. తెల్సినా తెల్వకున్నా బుగులు ఒక్కతీరే ఉంటది.

ఆ గడబిడలనే అత్తకు కంటి మోతిబిందు ముదిరింది. రోహిణి కార్తె ఎండల నాగర్‌కర్నూలు తోలుకొచ్చి దవాఖానల ఆపరేషన్ చేయించిన. నల్లద్దాలు పెట్టుకొని మా ఇంట్ల మంచం మీద కూసొని, ఫోన్ చెయ్యే, మిషన్ వచ్చిందేమో అడుగు అని ఒకటే సతాయింపు. చేస్తె తమ్ముడు ఎత్తడు. ఎత్తకుంటె మిషన్ మోతల ఇనపడలేదేమో అని నాకు గూడ చెమటలు. ఆఖరికి డాక్టరు ఉండమన్నదాక గూడ ఉండకుంట పొద్దుగాల బస్సుకే బయలెల్లినం. బస్సు దిగి ఆటో ఎక్కినకాడి నుంచి నా చెయ్యి వదల్లె, ఆమె గోర్లు నా చేతిల దిగినయి. చెలక దిక్కు మిషన్ మోత ఇనపడ్డది. ముందు ఇంటికి పోయి సంచి పెట్టి పోదాం అని నేనే అన్న.

ఇంటి ముంగట ఆటో దిగి, రెండడుగులేసి ఆగిపోయింది అత్త. గడప పక్కన, ఎప్పుడు ఉండాల్సిన జాగలనే, మామ రాయి. ఎర్రటి రాయి, నడుమ తెల్ల గీత. డాక్టరు తియ్యొద్దన్న నల్లద్దాలు తీసేసి వంగి చూసింది. చెయ్యి పెట్టి చూసింది. నేను నోరు తెరిచే లోపల ఇంటెనక జాలాడిల నుంచి ఒక మొగమనిషి చెంబులతోని నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. దూరం నుంచి వచ్చినోడు ముందుగాల తానమే చేస్తడు గద. అత్త కొంగుతోని మొహం తుడుసుకున్నది, నెత్తి మీది ఎంటికలు సదురుకున్నది. నన్ను చూసి సిగ్గువడ్డది. అవును, సిగ్గే, నేను నా కండ్లతోని చూసిన. గోడ దిక్కు తిరిగి మెల్లగ, "నీళ్లు సాల్తయా?" అని అడిగింది.

"సాల్తయత్తా!" అని లోపలికెల్లి తమ్ముని గొంతు వచ్చింది. "ఎప్పుడొచ్చిన్రు? మామ రాయి తెచ్చిన చూసినవా? మిషన్ కాడ దుబ్బల కలిసిపోతదని నిన్ననే భుజం మీద పెట్టుకొని తెచ్చిన. ఇగ నీకు రంది లేదు."

పాపం, వాడు మంచికే చేసిండు. ఒక మూలకో, గూట్లనో పెట్టినా అయిపోవు. భుజం మీద బరువుతోని వచ్చినోడు, చిన్నప్పటి నుంచి వచ్చినోళ్లు రాయి యాడ పెడ్తుంటె చూసిండో ఆడనే దించిండు. చేతికి అలవాటు, మనసుకు తెల్వలె. అత్త గడప మీద కూలవడ్డది. నాకు వాణ్ణి కొట్టాలనిపిచ్చింది, పట్టుకొని ఏడ్వాలనిపిచ్చింది, రెండు చెయ్యలేక నీళ్ల చెంబు కోసం ఉరికిన.

అయినా అప్పటికే వాడకట్టుకంత పాకింది. రాయి భుజాన పోవుడు చూసినోళ్లు చూసిన్రు, పొద్దుగాల గడప కాడ చూసినోళ్లు చూసిన్రు, అత్త ఆటో దిగుడు గూడ చూసిన్రు. ఇల్లరికపాయన వచ్చిండంట అని ముసలోళ్లు, చిన్నోళ్లు, కాళ్ల మీద పొయ్యనీకి చెంబులతోని నీళ్లు తీసుకొని ఒకామె, పసుపు తీసుకొని ఒకామె. ఏ దేవుడు రాసిన రాత ఇది! నేను వాకిట్లకు అడ్డం నిలబడి కాదమ్మా, రాలేదమ్మా అంటుంటె ఎవ్వరు ఇంటలేరు. అందరిని తోసుకుంట చిన్నాయిన వచ్చిండు. కాళ్లకు చెప్పులు లేవు, నెత్తి మీది తువ్వాల యాడనో పడిపోయింది. సంబురం గాదు అది. దయ్యాన్ని చూడవోయేటోని మొహం అది. గడప కాడి రాయిని చూసిండు, ఇంట్లకు తొంగి చూసిండు.

"ఎట్లొస్తడు?" అన్నడు. "నేనే గద మన్నేసింది!"

మాట నోట్లకెల్లి జారినంక గని ఆయనకు తెల్వలె ఏమన్నడో. చెంబులు పట్టుకున్నోళ్లు చెంబులతోనే నిలబడ్డరు. చిన్నాయిన అత్త కాళ్ల కాడ కూలవడి చెప్పిండు. మామకు జరమొచ్చిందట. దవాఖాన శాన దూరమట. వీపు మీద ఏసుకొని బాట దాక మోసిండట, బాట మీదనే పానం పోయిందట. కాలువ కట్ట పక్కన మన్నేసిండట. చెప్దామనే ఊరికి వచ్చిండు. "గుండ్ల కాడ నువ్వు నిలబడి ఉంటివక్కా. నీ మొహం చూడంగనే ఎనక వస్తుండని నోట్లకెల్లి వచ్చింది. ఒక్కసారి అన్నంక మల్ల ఎట్ల అందును?" అన్నడు.

అత్త తిడ్తదనుకున్న, కొడ్తదనుకున్న. తిట్టినా బాగుండు అనుకున్న. ఆమె ఆయన చేతుల దిక్కు చూసింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"మీద రాళ్లు పెట్టినవా?"

"పెట్టినక్కా. దొరికినన్ని పెట్టిన. నక్కలు తవ్వకుంట పెట్టిన. చేతులు పగిలేదాక పెట్టిన."

అప్పుడు ఏడ్సింది మా అత్త. అంత గొంతు ఆమెల ఉన్నదని నాకు ఎన్నడు తెల్వదు. ఇన్నేండ్ల నుంచి దాసి పెట్టుకున్నదంత ఒక్కపారి బయటికొచ్చింది. ఆడోళ్లంత చెంబులు కింద పెట్టి ఆమెను పట్టుకున్నరు. తమ్ముడు తడి బట్టలతోనే గోడకు ఆనుకొని నిలబడి చిన్నపోరని లెక్క వెక్కుతుండు.

పొద్దు పడమటికి తిరగక ముందే అందరం చెలకకు పోయినం. అత్త చిన్నాయిన దిక్కు చూసి రాయి ఎత్తమన్నట్టు చెయ్యి చూపిచ్చింది, ఆయనే మోసుకొచ్చిండు. మిషన్ గుండ్ల దాక రాకముందే ఆగి ఉండె. అత్త తన చేతులతోని రాయిని నడిమి కుప్పల పెట్టింది. మేమంత తలా ఒక రాయి ఏసినం. మిషన్ డ్రైవరు ఎవరో ఉత్తరం దిక్కు మనిషి, మా మాట రాదు. ఎవ్వరు చెప్పలె, ఎవ్వరు పిలవలె, దిగివచ్చి ఒక రాయి ఏసి, దండం పెట్టి, దూరంగ పోయి నిలబడ్డడు. తమ్ముడు ఆ గుండ్లు జరపలె, వాటి సుట్టు గట్టు పోయించిండు. ఇప్పుడు మడులన్ని పచ్చగ ఉంటయి, నడుమ ఆ గుండ్లు మాత్రం ఎప్పటి లెక్కనే ఉంటయి. నీళ్లు ఎగజిమ్మి గుండ్లు కుంగుతయేమో అని మల్ల నాకు అదొక ఫికర్.

చిన్నాయినతోని అత్త ఇప్పటిదాక మాట్లాడలె. ఆయన దున్ననీకి వస్తె వద్దని గూడ అనదు. బొట్టు సంగతి అడిగే ధైర్యం ఊర్ల ఎవ్వరికి లేకపోయె, ఆమెనే ఒకనాడు పొద్దుగాల మొహం కడుక్కొని పెట్టుకోలె. ఈ నెలరోజుల నుంచి దినాం ఫోన్ చేసి పరేషాన్ చేస్తున్నది, ఏడాది మాసికం దగ్గరికొచ్చింది, ఏం వండాలె, పప్పుల ఉప్పు ఎంతెయ్యాలె, ఎవరెవర్ని పిలవాలె అని. ఏండ్లు దాటిపోయినదానికి ఇప్పుడు ఏడాది మాసికం ఏందత్తా అని మొన్న మా తమ్ముడు నోరు జారిండట. ఆమె లేసి లోపలికి పోయిందట. వానికి ఏం తెల్వదు. మామ పోయింది ఎన్నడో గావచ్చు, మా అత్తకు మాత్రం మొగుడు సచ్చి ఇంక ఏడాది నిండలె.